బ్యాంకాక్ అంటే ఆ నవ్వెందుకు?

ఎరువుల కొట్లు, సిమెంటు ఏజెన్సీలు, పెయింట్ల షాపులు, రొయ్యల మేత డీలర్‌షిప్పులు ఉన్న ఇళ్ళ ఆడవాళ్ళకి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. టార్గెట్ దాటిన డీలర్లని కంపెనీవాళ్ళు అప్పుడప్పుడు బ్యాంకాక్ తీసుకెళ్తుంటారు. ఆ టూర్లలో మామూలుగా ఆడవాళ్ళకి టిక్కెట్టు ఉండదు. నాలుగో రోజుకి తిరిగొస్తారు. సూట్‌కేసులో పిల్లలకి చాక్లెట్లు, అత్తగారి మోకాళ్ళకి నొప్పుల మందు సీసా, మనకి ఏనుగు బొమ్మలున్న గుడ్డసంచి. "ఏం చూశారండీ?" అని అడిగితే "ఏముంది, అన్నీ బిల్డింగులే" అంటారు. అంతే! అదే మాట అరుగు మీద కూర్చున్న నలుగురు మగవాళ్ళ మధ్య పడితే మాత్రం ఒక నవ్వు పుడుతుంది. ఆ నవ్వు మీరూ వినే ఉంటారు.

నేనూ మా తోడికోడలూ మా ఆడపడుచూ కలిసి బ్యాంకాక్ వెళ్ళొస్తాం అన్నప్పుడు మా సంగంలో ఆ నవ్వు ఇంకో రకంగా వినపడింది. "మొగోళ్ళు పొయ్యే ఊరికి మీకేం పని వదినా?" అని మా ఎదురింటి మరిది అననే అన్నాడు. ఆ తర్వాత ఆర్నెల్లకి మా అక్కతో కలిసి ఫిలిప్పీన్స్ వెళ్ళినప్పుడు ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే అక్క కూతురు అక్కడ దవావ్ ఊళ్ళో మెడిసిన్ చదువుతోంది. పిల్ల చదువుకోసం ఆడది ఏ సముద్రం దాటినా తప్పులేదు, తన కళ్ళతో తను ఊరు చూడడానికి దాటితేనే వింత! ఈ రెండు దేశాలూ చూశాక, ఆ నవ్వు ఎవరెవరికి అన్యాయం చేస్తోందో నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ముందు థాయ్‌లాండ్ సంగతి. దిగగానే విమానాశ్రయం పేరే సువర్ణభూమి. లోపల దేవతలు ఒకవైపూ రాక్షసులు ఒకవైపూ వాసుకిని పట్టుకుని పాలసముద్రం చిలుకుతున్న పెద్ద బొమ్మ. పాత రాజధాని పేరు అయుత్తయ, మన అయోధ్యే. 1767లో బర్మావాళ్ళు దాన్ని నాశనం చేశాక, 1782 నుంచి బ్యాంకాక్‌లో ఏలుతున్న వంశంలో రాజులందరూ వరసగా రాములే. మరకత బుద్ధుడి గుడి చుట్టూ నడవాలో రామాయణాన్ని 178 చిత్రాలుగా గోడలమీద వేశారు. దాన్ని వాళ్ళు రామకియన్ అంటారు. అది చూస్తూ మా తోడికోడలు ఒకచోట ఆగిపోయింది. అక్కడి హనుమంతుడు బ్రహ్మచారి కాడు మరి! రావణుడి కూతురు సువర్ణమచ్ఛ అనే మత్స్యకన్యని వలచాడు. "ఇదేం చోద్యమమ్మా" అని చెంపలేసుకుని, ఇంకో పది నిమిషాలు అక్కడే నిలబడి చూసింది.

నగరం నడిబొడ్డున ఎరావన్ గుడి ఉంది, 1956లో కట్టింది. అందులో చతుర్ముఖ బ్రహ్మ. మనకి బ్రహ్మ గుడి చూడాలంటే గుంటూరు జిల్లా చేబ్రోలు దాకా వెళ్ళాలి. అక్కడేమో ఆఫీసుకి పోయే ఆడపిల్లలు చెప్పులు విడిచి, బంతిపూల దండ వేసి, అగరొత్తులు వెలిగించి, మొక్కు చెల్లించి మళ్ళీ రైలెక్కుతున్నారు. ప్రతి ఇంటి ముందూ, ప్రతి షాపు ముందూ ఒక స్తంభం మీద చిన్న బొమ్మరిల్లు లాంటిది కనపడుతుంది. ఆ స్థలాన్ని కాచే దేవతకి అది ఇల్లు. పొద్దున్నే నీళ్ళూ పూలూ పెడతారు. మన ఊరి పొలిమేర పోలేరమ్మని ఇంటి ముందుకే తెచ్చుకున్నట్టు ఉంటుంది.

ఇక నన్ను కదిలించింది లోయ్ క్రథోంగ్. పన్నెండో చాంద్రమాసం పున్నమికి, అంటే చాలా ఏళ్ళు మన కార్తీక పున్నమి రోజే, అరటిబోదె ముక్కమీద ఆకులు మడిచి, పూలు గుచ్చి, ఒక కొవ్వొత్తీ అగరొత్తులూ పెట్టి నదిలో వదులుతారు. ఎవరికనుకున్నారు? నీటితల్లి 'మే ఖోంగ్‌ఖా'కి. ఖోంగ్‌ఖా అంటే గంగే. మనం సంగమేశ్వరుడి గుడి దగ్గర పెన్నలో దీపాలు వదిలేదీ అదే పున్నమికి, అదే అరటి దొప్పమీద! వాళ్ళు ఏడాదంతా నదిని మురికి చేసినందుకు క్షమించమని కూడా అడుగుతారట. మనం ఆ మాట కూడా కలుపుకుంటే పెన్నమ్మ సంతోషిస్తుంది.

బట్టల దగ్గర ఇంకో చుట్టరికం ఉంది. వాళ్ళ పాత కట్టులో సబై అనే పైబట్ట ఒక భుజం మీదుగా వేసుకుంటారు, అచ్చం పైటే. కింద కచ్చాపోసి కట్టేది ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఉంది. ఈ పోలిక గాలిలోంచి రాలేదు. 17, 18 శతాబ్దాల్లో మన కోరమాండల్ తీరంలో, ముఖ్యంగా మచిలీపట్నం వైపు, సయాం రాజాస్థానానికి ప్రత్యేకంగా వాళ్ళ డిజైన్లలోనే కలంకారీ బట్టలు వేసి ఓడల్లో పంపేవారు. ఏ అంచు ఏ హోదావాళ్ళు కట్టాలో అక్కడ లెక్క ఉండేది. మన తీరం నుంచి ఓడెక్కిన ఆ చీరెల గుడ్డ చూసినంత లోకం మనం చూడలేదే అని మ్యూజియంలో నవ్వుకున్నాం.

ఇంతా చెప్పాక ఒక మాట దాచకూడదు. థాయ్‌లాండ్ కంటికి మనదిలా ఉంటుంది కానీ నోటికి అందదు. టూరిస్టులు తిరిగేచోట్లు దాటితే ఇంగ్లీషు తక్కువ. ఆడవాళ్ళు ప్రతి మాట చివరా 'ఖా' అంటారు, చేతులు జోడించి 'సవాదీ ఖా' అంటారు. స్వస్తి అన్న మాటే సవాదీ అయింది. ఎంతో మర్యాదగా నవ్వుతారు, ఆ నవ్వు వెనక ఏముందో మాత్రం వారం రోజుల్లో తెలియదు. పిల్లాడు ముద్దొచ్చాడని తలమీద చెయ్యి వేయకూడదు, బుద్ధుడి వైపు కాళ్ళు చాపకూడదు, రాజుగారి గురించి పరిహాసాలు అసలే వద్దు, చట్టం కఠినంగా ఉంటుంది. రాజప్రాసాదంలోకి భుజాలూ మోకాళ్ళూ కప్పుకునే వెళ్ళాలి. చీరలో ఉన్న మనల్ని చూసి వాకిట్లో కాపలావాళ్ళే దారి ఇచ్చారు, నిక్కర్లలో వచ్చిన దొరలు పక్కన నిలబడి ప్యాంట్లు వెతుక్కున్నారు! సన్యాసికి ఆడవాళ్ళు ఏదీ చేతికి ఇవ్వకూడదు, ఆయన పరిచిన గుడ్డమీద పెట్టాలి. అక్కడి సంఘం ఆడవాళ్ళకి పూర్తి భిక్షుణి దీక్ష ఇవ్వదు. ధమ్మనంద అనే ఆమె, అంతకుముందు యూనివర్సిటీ ప్రొఫెసరు, 2003లో శ్రీలంక వెళ్ళి దీక్ష తీసుకుని వచ్చారు. గుళ్ళో గర్భాలయం గొడవలు మనకొక్కరికే అనుకోనక్కర్లేదన్నమాట.

వంటింటి సంగతి చెప్పకపోతే మన పేజీ ఒప్పుకోదు. బ్యాంకాక్‌లో సాయంత్రం అయిదయ్యేసరికి వీధుల్లో పొయ్యిలు వెలుగుతాయి. వండేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఆఫీసు నుంచి వచ్చే ఇల్లాళ్ళు కూరలు ప్లాస్టిక్ సంచుల్లో పోయించుకుని రబ్బరు బ్యాండు బిగించి ఇంటికి పట్టుకెళ్తారు. 'ప్లాస్టిక్ సంచీ ఇల్లాలు' అని వాళ్ళ భాషలో వేళాకోళం మాటే ఒకటుంది. నాకైతే వేళాకోళం కనపడలేదు. ఒక ఆడదాని వంట ఇంకో ఆడదానికి తీరికైంది, వండినామెకి కూలి దొరికింది. ఇందులో తప్పేముంది? శాకాహారులు 'జే' అన్న ఒక్క మాట నేర్చుకుంటే చాలు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు కనపడితే అక్కడ చేపల పులుసునీళ్ళు కూడా వేయరు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. మా ఆడపడుచు కార్తీక సోమవారాలు చేసే మనిషి, ఆ జెండా కనపడితే చాలు ప్రాణం లేచొచ్చేది.

ఇక ఫిలిప్పీన్స్. 7,641 దీవులు. మొదటి చూపులో మనకేం సంబంధం లేని దేశం. 1565 నుంచి 1898 దాకా స్పెయిన్‌వాళ్ళు, తర్వాత 1946 దాకా అమెరికావాళ్ళు ఏలారు. ఎక్కడ చూసినా చర్చీలు, పేర్లన్నీ స్పానిష్ పేర్లు. ఆ ఇంటిపేర్లు కూడా 1849లో గవర్నరు ఒక పుస్తకంలోంచి పంచిపెట్టినవి. సెప్టెంబరు వస్తే చాలు క్రిస్మస్ పాటలు మొదలు. "ఇక్కడ మనకేం తోస్తుందే" అని అక్క మొదటిరోజే ముఖం ముడుచుకుంది.

రెండోరోజుకి చెవి అలవాటు పడింది. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు ప్రతి మాట చివరా 'పో' అంటారు. అది మన 'అండీ' తప్ప ఇంకోటి కాదు. జీప్‌నీ అనే వాళ్ళ బస్సుంది, యుద్ధం అయ్యాక అమెరికావాళ్ళు వదిలేసిన జీపుల్ని సాగదీసి రంగులేసి మొదలుపెట్టారు. చివర కూర్చున్నవాళ్ళు 'బాయాద్ పో', డబ్బులండీ, అంటూ చిల్లర ముందువాళ్ళ చేతిలో పెడితే అది చేతులు మారి డ్రైవరు దాకా వెళ్తుంది, మిగిలింది అలాగే వెనక్కి వస్తుంది. ఒక్క పెసో తగ్గదు. దిగాలంటే 'పారా పో' అనాలి. వరసలు చూడండి. తెలియని ఆడమనిషినైనా 'ఆతె' అంటారు, అంటే అక్క (అత్త అనుకునేరు!). కొంచెం పెద్దవాడైతే 'కుయా', అన్న. అమ్మమ్మ వయసావిడ 'లోలా'. పేరుపెట్టి పిలవడం మర్యాద కాదు. ఇంటికొచ్చిన పిల్లలు పెద్దవాళ్ళ చెయ్యి తీసుకుని తమ నుదుటికి ఆనించుకుంటారు, దాన్ని మానో అంటారు. మా అక్క కూతురి స్నేహితురాలు అలా మా అక్క చెయ్యి నుదుటికి ఆనించుకోగానే, ఆ మనిషి ఏడ్చినంత పని చేసింది. "మన పిల్లలు మానేసింది ఇక్కడ చూశానే" అంది.

భాషలో కూడా తవ్వితే మన మాటలే. ముఖాన్ని 'ముఖా' అంటారు, ఆశ 'ఆసా', గురువు 'గురో', దేవత 'దివాతా'. 1989లో మనీలా దగ్గర లగూనాలో ఒక రాగిరేకు దొరికింది. దానిమీది తేదీ ఏమనుకున్నారు? స్వస్తి అని మొదలుపెట్టి శకవర్షం 822, వైశాఖమాసం, కృష్ణపక్షం చవితి, సోమవారం! అంటే క్రీస్తుశకం 900. ఒక అప్పు తీరిపోయిందని రాసిచ్చిన కాగితం లాంటిది అది. సవాదీలో స్వస్తి, రాగిరేకులో స్వస్తి. రామాయణం కూడా ఉంది సుమా, దక్షిణాన మిందనావోలో మరనావ్ ముస్లింలు చెప్పుకునే కథ, మహారాదియా లవన అనే పేరుతో. లవన అంటే రావణుడు.

అన్నం అంటే ప్రాణమిచ్చే జనం. సినిగాంగ్ అని ఒక పులుసు, చింతపండుతో, చేపలో రొయ్యలో వేసి చేస్తారు. మన నెల్లూరు పులుసులో కారం తీసేసి, నీళ్ళు ఎక్కువ పోసినట్టుంటుంది. పచ్చిమామిడికి రొయ్యల ముద్ద నంజుకుంటారు. ఎండుచేపల అంగళ్ళ దగ్గర నిలబడితే కృష్ణపట్నం గాలే. పూతో అని బియ్యపు పిండి ఆవిరిమీద ఉడికిస్తారు, మన ఇడ్లీకి తీపి చెల్లెలు. కానీ శాకాహారులకి కష్టమే, ముందే చెబుతున్నా. కూరగాయలని అడిగినా అందులో నాలుగు పంది ముక్కలో రొయ్యల ముద్దో పడే ఉంటుంది. మా అక్క పన్నెండు రోజులూ అరటిపండ్లూ పూతో మీదా, పిల్లల హాస్టల్లో మన తెలుగు వంటమనిషి చేసిన పప్పు మీదా గడిపింది. థాయ్‌లాండ్‌లో మా ఆడపడుచుకి వచ్చిన సుఖం ఇక్కడ లేదు. రైళ్ళు, శుభ్రమైన దొడ్లు, బోర్డులు, గుళ్ళు, షాపింగు, ఇవన్నీ చూస్తే ప్రయాణానికి థాయ్‌లాండే నయం. మనుషులతో మాటకి ఫిలిప్పీన్సు. ఇంగ్లీషు వాళ్ళకి బాగా వచ్చు, మనకి కొద్దిగా వస్తే చాలు. సందు చివర సారిసారి కొట్టు నడిపే ఇల్లాలు నన్ను అరగంటలో మీ ఆయన ఏం చేస్తాడు, పిల్లలెందరు, చీర కట్టడానికి ఎంతసేపు పడుతుంది అని అన్నీ అడిగేసింది. బ్యాంకాక్‌లో వారం ఉన్నా నన్నెవరూ ఒక్క సొంత ప్రశ్న అడగలేదు.

ఆ కొట్టు ఇల్లాలి చెల్లెలు కువైట్‌లో పని చేస్తోందట. ఆ మాట వినగానే నాకు కడప, రాజంపేట, కోనసీమ గుర్తొచ్చాయి. మన ఆడవాళ్ళూ అదే కువైట్‌లో, అవే ఇళ్ళల్లో, ఫిలిపినో ఆడవాళ్ళ పక్కనే అంట్లు తోముతున్నారు. తేడా ఎక్కడంటే, 1995లో సింగపూర్‌లో ఫ్లోర్ కాంటెంప్లాసియోన్ అనే పనిమనిషిని ఉరితీస్తే ఫిలిప్పీన్స్ దేశమంతా రోడ్డెక్కింది. ఆ ఏడాదే వలస కార్మికుల కోసం చట్టం వచ్చింది. 2018లో కువైట్‌లో ఒక పనిపిల్ల శవం ఫ్రీజర్‌లో దొరికితే ఆ దేశానికి మనుషుల్ని పంపడమే ఆపేశారు. పాస్‌పోర్టు పనిమనిషి దగ్గరే ఉండాలి, వారానికో రోజు సెలవుండాలి అని ఒప్పందం రాయించుకున్నాకే మళ్ళీ పంపారు. వాళ్ళ కష్టాలు తీరిపోయాయని కాదు. విడాకుల చట్టం కోసం ఆ ఆడవాళ్ళు ఇంకా పోరాడుతూనే ఉన్నారు, 2024లో దిగువసభ బిల్లు ఒప్పుకున్నా అది అక్కడే ఆగింది. కానీ దూరదేశంలో పనిచేసే ఆడదాన్ని చూసి ఆ ఊళ్ళో ఎవరూ నవ్వరు. ఆమె పంపే పెద్ద అట్టపెట్టె, సబ్బులూ బట్టలూ డబ్బాలూ నింపి పంపేది, ఇంటికొస్తే వీధంతా పండగ చేసుకుంటుంది. మన దగ్గర 'కువైట్ పోయినామె' అన్నప్పుడు గొంతు ఎలా మారుతుందో మీకు తెలుసు కదా.

ఇప్పుడు ఆ నవ్వు దగ్గరికొస్తాను. పటాయా ఒకప్పుడు జాలర్ల పల్లె, మన మైపాడు, జువ్వలదిన్నె లాంటిది. 1960లలో వియత్నాం యుద్ధం చేసే అమెరికా సైనికులు విశ్రాంతికని వచ్చి దాన్ని మార్చేశారు. ఫిలిప్పీన్స్‌లో ఆంజెలెస్, ఒలోంగపో కూడా అంతే, పక్కనే అమెరికా స్థావరాలు ఉండేవి. 1991, 92లలో ఆ స్థావరాలు మూతపడ్డాయి, వ్యాపారం మాత్రం పోలేదు. థాయ్‌లాండ్‌లో ఆ వృత్తి చట్టప్రకారం నేరమే. ఆ వీధుల్లో నిలబడే ఆడపిల్లల్లో చాలామంది ఈసాన్ అనే ఈశాన్యపు మెట్టప్రాంతం నుంచి వస్తారు. ఇంటికి డబ్బు పంపడానికి వస్తారు. మన ఉదయగిరి వైపు వానలు పడకపోతే జనం ఎక్కడెక్కడికి పోతారో అలాగే. కొనేవాడు లేకపోతే ఆ వీధే లేదు. మరి కొనడానికి విమానమెక్కి పోయేవాడిది షోకు, ఆ పిల్లది బరితెగింపు, అక్కడికి గుడి చూడ్డానికి పోతానన్న ఇల్లాలిది వింత! ఏం లెక్కండీ ఇది? ఒక దేశం మొత్తాన్ని, దాని గుళ్ళనీ పండగల్నీ పొయ్యిదగ్గర చెమటోడ్చే ఆడవాళ్ళనీ నాలుగు వీధులకి కుదించి, ఆ పేరు చెప్పి నవ్వుకుని, ఆ నవ్వు చాటున మనల్ని ఇంట్లో కూర్చోబెట్టారు. నాకు ఒళ్ళుమండేది ఇక్కడే. డీలర్ల టూరుకి ఇద్దరేసి టిక్కెట్లు ఇమ్మని ఇంట్లో ఆడవాళ్ళు అడగాలి. కొట్లో గల్లా దగ్గర కూర్చునేది, అప్పుల పుస్తకం రాసేది, మావారు గోడౌనుకి పోతే బస్తాలు లెక్కపెట్టించేది మనమే. టార్గెట్ ఒక్కడే దాటాడా?

డబ్బు మాట కూడా వస్తుంది. మేం ముగ్గురం ఒకే చీటీ కట్టాం. రెండేళ్ళు. చెన్నై నుంచి నేరుగా బ్యాంకాక్‌కి విమానం ఉంది, మనకి తిరుపతి వెళ్ళొచ్చినంత దగ్గర కాకపోయినా రైల్లో కాశీ వెళ్ళినంతసేపు పట్టదు. వీసా బాధ కూడా తగ్గింది. థాయ్‌లాండ్ 2023 నవంబరు నుంచి మనవాళ్ళని వీసా లేకుండా రానిచ్చింది, ఫిలిప్పీన్స్ 2025 జూన్‌లో 14 రోజులకి ఆ వెసులుబాటు ఇచ్చింది. రోజుల లెక్కలు మారుతుంటాయి కాబట్టి టిక్కెట్టు కొనేముందు ఒకసారి కనుక్కోండి. రెండు దేశాలకీ బయల్దేరేముందు కంప్యూటర్లో ఒక ఫారం నింపాలి, పదో తరగతి పిల్లలైనా నింపి పెడతారు. ఫిలిప్పీన్స్‌కి జూన్ నుంచి నవంబరు దాకా తుపానుల కాలం, మన తీరం వాళ్ళకి ఆ భయం గురించి చెప్పాలా! జనవరి, ఫిబ్రవరి మంచివి. జనవరిలో సెబూలో బాలయేసు ఉత్సవం ఉంటుంది. 1521లో మెగెల్లాన్ అక్కడి రాణికి ఇచ్చిన చిన్న విగ్రహం, పట్టుబట్టలూ కిరీటమూ పెట్టి ఇళ్ళల్లో కూడా బాలకృష్ణుడిలా పెంచుకుంటారు. వేళాంగణ్ణి వెళ్ళే మన నెల్లూరు ఆడవాళ్ళకి ఏమాత్రం కొత్తగా ఉండదు.

బ్యాంకాక్‌లో మాత్రం ఎవరైనా నవ్వుతూ వచ్చి "ఈ రోజు గుడి మూసేశారు, రండి వేరేచోట చూపిస్తా" అంటే నమ్మకండి. టుక్‌టుక్ ఎక్కించి నగల కొట్టుకి తీసుకెళ్తారు. మమ్మల్నీ ఆపారు. మా తోడికోడలు వాడికి దణ్ణం పెట్టి, అచ్చ తెలుగులో "తియ్యని గుడి ఎట్టుంటదో చూసే పోతాంలే నాయనా" అని ముందుకి నడిచింది. గుడి తీసే ఉంది.